రెండు కళ్ళు, ఒక చూపు

మెల్లకన్ను అదృష్టమని మన ఊళ్ళలో ఇప్పటికీ అంటారు. పిల్లవాడిని వెక్కిరింపుల నుంచి కాపాడడానికి పుట్టిన మాట కాబోలు. అయితే దాన్ని నమ్ముకుని వైద్యం వాయిదా వేసిన ఇళ్ళలో నష్టపోయేది ఆ పిల్లవాడే.

మెల్లకంటికి వైద్యం ఉండవచ్చునన్న ఆలోచన పాతదే. పక్కకు తిరిగిన కన్ను తరచు బలహీనమైన కన్నేనని గమనించిన ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు బఫాన్, బాగున్న కంటిని మూసి ఉంచమని 1743లో సూచించాడు. 1839లో బెర్లిన్‌లో డీఫెన్‌బాఖ్ ఏడేళ్ళ బాలుడి కంటి కండరాన్ని కోసి మెల్లను సరిచేశాడు. ఈథర్ మత్తు ఇంకా రాని రోజులవి. ఆ శస్త్రచికిత్స యూరపు అంతటా వెర్రిగా వ్యాపించింది. లోపలికి తిరిగిన కన్ను కొందరిలో బయటికి తిరిగింది. కన్ను నిటారుగా నిలిచినచోట కూడా, రెండు కళ్ళూ కలిసి చూస్తున్నాయా అని అడిగినవారు తక్కువ.

ఆ ప్రశ్న అడిగినవాడు అదే 1839లో పుట్టిన లూయీ ఎమీల్ జవాల్. గనుల ఇంజనీరుగా చదివి, తరువాత వైద్యానికి మళ్ళాడు. తండ్రికీ, సోదరి సోఫీకీ మెల్లకన్ను ఉండడంతో ఈ సమస్య అతనికి ఇంటిదే. వీట్‌స్టన్ 1838లో లోకానికి చూపిన స్టీరియోస్కోపు అప్పటికి సంపన్నుల ఇళ్ళలో వినోదవస్తువు. కొద్ది తేడా గల రెండు బొమ్మలను చెరో కంటికి చూపితే, మెదడు వాటిని కలిపి లోతున్న ఒకే దృశ్యంగా మలుస్తుంది. మెల్లకన్ను గల పిల్లల మెదడు వస్తువు రెండుగా కనపడే బాధను తప్పించుకోవడానికి ఒక కంటి బొమ్మను అణచివేస్తుంది. ఆ అణచివేతను మాన్పించి, బొమ్మలను కలపడం నేర్పాలన్నది జవాల్ పట్టుదల. నెలల తరబడి గంతలు, ఆపైన రోజూ స్టీరియోస్కోపు అట్టలతో సాధన. రోగికీ వైద్యుడికీ కూడా తపస్సు వంటి పని. కత్తి నిమిషాల్లో చేసేదానికి ఏళ్ళు పట్టే మార్గమిది. ఎక్కువమంది వైద్యులు కత్తివైపే మొగ్గడంలో వింత లేదు.

మెల్లకంటిపై అతని బృహద్గ్రంథం 1896లో వెలువడింది. అప్పటికే గ్లాకోమా అతని చూపును తినేస్తోంది. 1900 నాటికి పూర్తిగా అంధుడయ్యాడు. 1903లో, నడివయసులో చూపు పోయినవారికి నిత్యజీవితంలో పనికివచ్చే సలహాలతో మరో పుస్తకం రాశాడు. కళ్ళ కదలికలకు జీవితం ధారపోసిన మనిషి చూపులేని బతుకును కూడా పరిశోధనాంశంగానే తీసుకోవడం ఎవరినైనా కదిలిస్తుంది.

అదే 1903లో లండన్‌లో క్లాడ్ వర్త్ తన గ్రంథం ప్రచురించాడు. రెండు బొమ్మలను కలిపే శక్తి చిన్ననాటనే ఏర్పడుతుందనీ, ఆరేళ్ళు దాటితే దాన్ని నేర్పడం దాదాపు వృథా అనీ అతని వాదం. 1920లలో నేత్రవైద్యుడు ఎర్నెస్ట్ మాడాక్స్ కుమార్తె మేరీ తండ్రి వద్ద నేర్చిన విద్యతో లండన్‌లో ఈ చికిత్స చేపట్టడంతో ఆర్థాప్టిక్స్ ఒక వృత్తిగా నిలబడింది. అందులో మొదటి తరాలవారు ఎక్కువగా స్త్రీలే. కంటి వైద్యచరిత్రలు శస్త్రవైద్యులకు ఇచ్చినన్ని పుటలు వీరికి ఇవ్వలేదు.

వర్త్ గీసిన వయోపరిమితికి తరువాత ప్రయోగశాల బలం తోడైంది. పిల్లికూనల కన్ను మూసి హ్యూబెల్, వీజెల్ చేసిన ప్రయోగాలకు 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. పసితనంలో వాడకం లేని కంటితో మెదడు సంబంధం తెంచుకుంటుందని అవి చూపాయి. దాంతో పెద్దవాళ్ళకు ఇక మార్గం లేదన్న మాట వైద్యశాలల్లో స్థిరపడిపోయింది. కన్ను మూసి ఉంచడమూ, రెండు కళ్ళూ బాగా చూస్తున్నా కలవకపోవడమూ ఒకటి కావని గుర్తుచేసినవారు అరుదు.

అమెరికన్ నాడీశాస్త్రజ్ఞురాలు సూజన్ బారీ పసితనం నుంచీ మెల్లకన్ను గల మనిషి. బాల్యంలో మూడు శస్త్రచికిత్సలు జరిగి కళ్ళు చక్కబడినట్లే కనిపించాయి. లోతు మాత్రం కనిపించలేదు. కళాశాలలో ఆ పిల్లికూనల పాఠం విని ఆమె కూడా ఆశ వదులుకుంది. నలభై ఎనిమిదో ఏట దారానికి గుచ్చిన రంగు పూసలను చూస్తూ రెండు కళ్ళనూ ఒకే పూసపై నిలపడం సాధన చేసింది. ఒకనాడు కారులో కూర్చుంటే, స్టీరింగు చక్రం ఎదురుగా గాలిలో తేలుతున్నట్లు ముందుకు వచ్చి నిలిచింది.