సీనియర్ సెంటర్
వయోవృద్ధులు పగటిపూట కలుసుకుని భోజనం, వ్యాయామం, కాలక్షేపం, సలహాసేవలు పొందే స్థానిక సామాజిక కేంద్రాన్ని సీనియర్ సెంటర్ అంటారు. వృద్ధాశ్రమంలో మాదిరిగా ఇక్కడ నివాస వసతి ఉండదు. న్యూయార్క్ నగర సంక్షేమశాఖ 1943లో బ్రాంక్స్‌లో నెలకొల్పిన విలియం హాడ్సన్ కేంద్రాన్ని అమెరికాలో మొదటిదిగా పేర్కొంటారు. 1965 నాటి వృద్ధ అమెరికన్ల చట్టం, 1970లలో దానికి జరిగిన సవరణలు ఇలాంటి కేంద్రాలకు ఫెడరల్ నిధుల మార్గం తెరిచాయి.

వీటి సామాజిక జీవనానికి ఆయువుపట్టు సహపంక్తి భోజనం. ఆ అమెరికా చట్టం కింద 60 ఏళ్లు నిండినవారు, వయసుతో నిమిత్తం లేకుండా వారి జీవిత భాగస్వాములు దీనికి అర్హులు. ఆదాయ పరిమితి లేదు. స్వచ్ఛంద విరాళం స్వీకరించవచ్చు గానీ, ఇవ్వలేదని ఎవరికీ భోజనం నిరాకరించరాదు. ప్రతి భోజనంలోనూ రోజుకు సిఫారసు చేసిన పోషకాలలో కనీసం మూడో వంతు ఉండాలి. తాయ్ చీ, బింగో, పేకాట, చేతిపనులు, రక్తపోటు పరీక్షలు, మెడికేర్ (వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) సలహాలు ఇతర కార్యకలాపాలు.