సంఘాలు నడిపే వైద్యశాలలకు ఏ చట్టం వర్తిస్తుంది?

మన తెలుగు సంఘాల్లో కొన్ని సొంత భవనంలోనే ఒక గది కేటాయించి ఉచిత వైద్యశాల నడుపుతున్నాయి. రిటైరైన డాక్టరుగారు వారానికి రెండు రోజులు వచ్చి కూర్చుంటారు. బీపీ, షుగరు చూసి మందులు రాసిస్తారు. స్థానిక భాష చదవలేని మన పెద్దవాళ్లకు తెలుగులో బాధ చెప్పుకునే చోటు అదొక్కటే. ఇటీవల సంఘాల బాధ్యులు తరచూ ఒక ప్రశ్న అడుగుతున్నారు: "మనం డబ్బు తీసుకోవడం లేదు కదా, ఆసుపత్రుల చట్టాలు మనకూ వర్తిస్తాయా?" వర్తిస్తాయి. ఏ చట్టం వర్తిస్తుందన్నది మాత్రం మనం ఉన్న రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది.

కేంద్ర చట్టం, రాష్ట్ర చట్టాలు

ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలోనివి. అందుకే పార్లమెంటు 2010లో చేసిన క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం దేశమంతటికీ దానంతట అదే వర్తించదు. అది 2012 మార్చి 1 నుంచి నాలుగు రాష్ట్రాల్లోను, ఢిల్లీ మినహా కేంద్రపాలిత ప్రాంతాల్లోను అమలులోకి వచ్చింది. యానాం పుదుచ్చేరిలో భాగం కాబట్టి అక్కడి సంఘాలు చూడవలసింది ఈ చట్టమే.

కర్ణాటకలో 2007 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం ఉంది. దీన్నే కె.పి.ఎం.ఇ. అంటారు. తమిళనాడులో 1997 చట్టం ఉంది, దాని నియమావళి 2018లో వచ్చింది. ఒడిశాలో 1990 చట్టం ఉంది. మహారాష్ట్రలో 1949 నాటి నర్సింగ్ హోముల రిజిస్ట్రేషన్ చట్టం నడుస్తోంది. ఇది ముఖ్యంగా రోగులను చేర్చుకునే చోట్లను ఉద్దేశించినది.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న బంధువులను అడిగి అక్కడి పద్ధతి ఇక్కడ పాటించకండి. తెలంగాణ కేంద్ర చట్టాన్ని స్వీకరించింది. ఆంధ్రప్రదేశ్‌కు 2002 నాటి సొంత చట్టం ఉంది.

సంఘం రిజిస్ట్రేషన్ సరిపోదు

సొసైటీల చట్టం కింద సంఘం రిజిస్టరై ఉన్నంత మాత్రాన వైద్యశాల రిజిస్టరైనట్టు కాదు. కేంద్ర చట్టపు నిర్వచనంలో ట్రస్టులు, రిజిస్టరైన సొసైటీలు, ఒక్క డాక్టరు నడిపే క్లినిక్కులు కూడా ఉన్నాయి. లాభం లేదన్న కారణంతో మినహాయింపు దొరకదు.

ఆ చట్టం ప్రకారం మొదట తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇస్తారు. దరఖాస్తు అందిన 10 రోజుల్లో, ముందుగా విచారణ లేకుండానే ఇవ్వాలి. దాని గడువు ఏడాది. శాశ్వత రిజిస్ట్రేషన్ గడువు 5 ఏళ్లు. సర్టిఫికెట్టును అందరికీ కనిపించేలా పెట్టాలి. వైద్యశాలను వేరే చోటికి మారిస్తే దాన్ని తిరిగి అప్పగించి కొత్తది తీసుకోవాలి.

రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారి 50,000 రూపాయల వరకు, రెండోసారి 2 లక్షల వరకు, ఆపైన 5 లక్షల వరకు జరిమానా ఉంటుంది. రిజిస్ట్రేషన్ లేదని తెలిసి అక్కడ పనిచేసినవారికి కూడా 25,000 రూపాయల వరకు పడుతుంది. అంటే పుణ్యానికి వచ్చి కూర్చునే డాక్టరుగారినీ మనమే చిక్కుల్లో పెట్టినవాళ్లమవుతాం.

ఉచితానికి, చవకకు తేడా

వైద్యసేవ వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందరికీ పూర్తిగా ఉచితంగా సేవ చేసే చోటు దాని పరిధిలోకి రాదు. నామమాత్రపు నమోదు రుసుము తీసుకున్నా ఈ స్థితి మారదు. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చూస్తే మాత్రం ఉచితంగా చూపించుకున్నవారు కూడా ఫిర్యాదు చేయవచ్చు. కాబట్టి సభ్యులకు ఉచితం, ఇతరులకు ఫీజు అని తీర్మానం చేసే ముందు కార్యవర్గం ఒకసారి ఆలోచించాలి. పూర్తిగా ఉచితమైన చోట కూడా నిర్లక్ష్యం జరిగితే సివిల్ దావాకు అడ్డేమీ లేదు.

శిబిరాలు, సూదులు, యంత్రాలు

2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు వైద్య శిబిరాలకు, రక్తదాన శిబిరాలకు కూడా వర్తిస్తాయి. సూదులు, దూది మునిసిపాలిటీ చెత్తలో కలపకూడదు. రంగుల వారీగా వేరుచేసి, ఉమ్మడి శుద్ధి కేంద్రానికి అప్పగించాలి. శుద్ధి చేయని వ్యర్థాన్ని 48 గంటలకు మించి ఉంచరాదు. దాత ఎవరైనా స్కానింగ్ యంత్రం ఇస్తామంటే, 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద ముందుగా విడిగా రిజిస్టరు కావాలి.

ఆయుష్మాన్ భారత్

2018 సెప్టెంబరు 23న మొదలైన ఈ పథకం కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్సకు వర్తిస్తుంది. 2025లో ఒడిశా కూడా చేరింది. పడకలు లేని మన క్లినిక్కులకు ఇందులో చోటు లేదు. సంఘానికి ఆసుపత్రే ఉంటే, అందులో చేరడం మన ఇష్టం. చేరాక మాత్రం అది ఒప్పందం. ప్యాకేజీ ధరకే చికిత్స చేయాలి, ఆ చికిత్సకు రోగి దగ్గర అదనంగా వసూలు చేయకూడదు, సహాయానికి ఆరోగ్యమిత్రను ఉంచాలి. తప్పుడు క్లెయిములు పెడితే జాబితా నుంచి తొలగిస్తారు.

కార్యవర్గం చేయవలసినవి

1. మీ జిల్లా వైద్యాధికారి కార్యాలయంలో ఏ చట్టం కింద దరఖాస్తు చేయాలో రాతపూర్వకంగా అడగండి. అందినట్టు రసీదు తీసుకోండి.

2. వైద్యశాల బాధ్యత ఎవరిదో తీర్మానం చేసి మినిట్స్‌లో రాయండి. కార్యదర్శి మారినప్పుడల్లా ఆ ఫైలును సంతకంతో అప్పగించాలి.

3. డాక్టరుగారి మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నకలు, రోగుల రికార్డు, వ్యర్థాల అప్పగింత రసీదులు ఒకేచోట ఉంచండి.

4. కేంద్ర నిబంధనల ప్రకారం ధరల పట్టిక స్థానిక భాషలోను, ఇంగ్లీషులోను ఉండాలి. యానాంలో స్థానిక భాష తెలుగే. మిగతా రాష్ట్రాల్లో అక్కడి నియమం ప్రకారం బోర్డు పెట్టి, పక్కన తెలుగులో కూడా రాయించండి.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు. నోటీసు వచ్చి గది మూతపడితే నష్టపోయేది కార్యవర్గం కాదు, ఆ గదిని నమ్ముకున్న పెద్దవాళ్లు. వచ్చే సమావేశపు అజెండాలో ఈ అంశాన్ని చేర్చవలసిందిగా అన్ని సంఘాలను కోరుతున్నాము.