ఖతర్ ఒడ్డున విదియ లెక్క

ఖతర్ చరిత్ర ఏమిటని దోహాలో మనవాళ్లను అడిగితే రెండే మాటలు వినిపిస్తాయి. ముత్యాలు, గ్యాసు. నేనూ చాలా ఏళ్లు అంతే చెప్పాను. మరి ఈ రెంటికీ మధ్య జనం ఏం తిని బతికారురా అని నన్ను అడిగినది మా నాన్న.

నాన్న ఉప్పాడలో వేటకెళ్లిన మనిషి. ఇక్కడికి వచ్చినప్పుడు ఓ గురువారం రాత్రి పిల్లలతో రువైస్ వైపు వెళ్లాం. సముద్రం బాగా వెనక్కి తీసింది. లాంతరు వెలుగులో నీళ్లలోంచి ఒక రాళ్ల వరుస బయటపడింది. "ఇది దేవుడు పేర్చిన రాయి కాదురా, మావు లాంటిదే" అన్నారు నాన్న.

నిజమే. ఇటువంటి రాతి కట్టడాన్ని ఇక్కడ మస్కర్ అంటారు. ఈతమట్టలతో కట్టిన కంచె అయితే హద్రా. పోటుతో చేపలు మేతకు ఒడ్డుకి వస్తాయి. ఆటు తీసేటప్పుడు వెనక్కి మళ్లి కంచెకు తగులుతాయి, దాని వెంటే లోతుకి పోబోయి చివరనున్న గదిలో చిక్కుతాయి. పడవ అక్కర్లేదు, ఎర అక్కర్లేదు. మనిషి నిద్రపోతున్నా కంచె మేలుకునే ఉంటుంది. కానీ నీరు పూర్తిగా తీసే వేళకి బుట్ట పట్టుకుని అక్కడ ఉండాలి, అది అర్ధరాత్రి అయినా సరే. ఆ వేళ రోజూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. గడియారం లేనివాడికి ఎలా తెలిసేది?

అక్కడే కూర్చున్న ఊరి పెద్దాయన ఒకరికి కాస్త హిందీ వచ్చు. నాన్న ఆయన్ని "ఇవాళ తిథి ఎంత?" అని అడిగారు. నేను అనువాదానికి తడబడుతుంటే ఆయన వేళ్లు చూపించారు, పదహారు. నాన్న తల ఊపారు. మనం విదియనాటి సాయంత్రం నెలవంకను చూస్తాం. సుమారుగా ఆ సాయంత్రమే వాళ్లకి హిజ్రీ నెల ఒకటో తారీఖు. ఒక రోజు అటూ ఇటూగా ఇద్దరిదీ ఒకటే లెక్క. పున్నమికి, అమావాస్యకి పోటు బలం. పంచాంగం లేకపోయినా తేదీయే ఆటుపోట్లు చెబుతుందన్నమాట.

1908లో అచ్చయిన లోరిమర్ గెజిటీర్ ఖతర్ జనాభాను సుమారు 27 వేలుగా రాసింది. ఎక్కువమందికి ముత్యాలే ఆధారం. వేసవి నెలల్లో మగవాళ్లు ముత్యాల పడవల మీద ఉండేవారు. 1930లలో జపాను పెంపుడు ముత్యాలు, ప్రపంచ మాంద్యం కలిసి ఆ వ్యాపారాన్ని కూల్చేశాయి. దుఖాన్ చమురు మొదటిసారి ఎగుమతి అయింది 1949 చివర్లో. ఆ మధ్య ఏళ్లు ఆకలి ఏళ్లు. చాలామంది ఊళ్లు వదిలిపోయారు. ఉన్నవాళ్లకి ఒడ్డున దొరికేదే దిక్కు. ముత్యానికి మ్యూజియంలో గాజుపెట్టె ఉంది, బాగుంది. ఈ రాళ్లకి అంత పేరు రాలేదని నా బాధ.

లెక్కల్లోనూ ఇవి సరిగ్గా ఎక్కలేదు. 2013లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005 నాటి ఉపగ్రహ చిత్రాలు చూసి గల్ఫ్ తీరమంతటా సుమారు 1,900 కంచెలు ఉంటాయని అంచనా కట్టారు. వాటిలో పడే చేప అధికారిక లెక్కకు ఆరు రెట్ల దాకా ఉండవచ్చని తేల్చారు.

నాన్న ఇప్పుడు ఉప్పాడలోనే ఉన్నారు. మొన్న ఫోనులో, "అక్కడ ఇవాళ ఎన్నో తారీఖు?" అన్నారు. ఇంగ్లీషు తారీఖు చెప్పబోతే, "అది కాదురా, వాళ్లది" అన్నారు.