పీడీఎఫ్ బరువెక్కిన వైనం

ఆఫీసు కంప్యూటరులో పీడీఎఫ్ దేనితో తెరవాలని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ ఫైలు పుట్టుక. దాని పుట్టుకలోనే ఒక తీసివేత ఉంది. ఆ తర్వాత వచ్చిన చిక్కుల్లో చాలామటుకు తీసేసినదాన్ని మళ్లీ చేర్చడం వల్ల వచ్చినవే.

జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ ఇద్దరూ జిరాక్స్ వారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో పనిచేసేవారు. ప్రింటరుకు పేజీని వివరించి చెప్పే ఇంటర్‌ప్రెస్ అనే భాషను అక్కడ తయారుచేశారు. కంపెనీ దాన్ని బయటకు వదలడానికి సిద్ధపడకపోవడంతో 1982 డిసెంబరులో బయటికొచ్చి అడోబీ పెట్టుకున్నారు. అక్కడ వాళ్లు తయారుచేసిన అలాంటి భాషే పోస్ట్‌స్క్రిప్ట్; అది 1985లో ఆపిల్ లేజర్‌రైటర్‌లోకి ఎక్కి ముద్రణారంగాన్నే మార్చేసింది. అయితే పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలంటే బొమ్మ కాదు, ప్రోగ్రాము. అందులో లూపులుంటాయి, షరతులుంటాయి. పదో పేజీ ఎలా ఉందో చూడాలంటే అంతకుముందున్న తొమ్మిది పేజీల ప్రోగ్రామునూ నడపాల్సి రావచ్చు.

1991లో వార్నాక్ కామెలాట్ పేరుతో ఒక చిన్న పత్రం రాశారు. ఏ కంప్యూటరులో తయారైన కాగితమైనా ఇంకే కంప్యూటరులోనైనా అదే రూపంలో కనబడాలి, ప్రింటు కావాలి అన్నది ఆయన కోరిక. అందుకు దొరికిన దారి చాలా తెలివైనది: పోస్ట్‌స్క్రిప్ట్‌లోంచి ప్రోగ్రామింగు తీసేసి, గీతలు గీసి అక్షరాలు పేర్చే పనిని మాత్రం ఉంచారు. అవసరమైన ఫాంట్లను ఫైలులోనే పెట్టే వీలు కల్పించారు. అదే పీడీఎఫ్. 1993 జూన్‌లో అక్రోబాట్ పేరుతో బజారుకొచ్చింది. అప్పట్లో చదివే రీడరుకు కూడా 50 డాలర్లు పెట్టాల్సి వచ్చేది. చదవడానికే డబ్బడిగితే ఎవరు పంపుతారు, ఎవరు తెరుస్తారు? మరుసటి ఏడు దాన్ని ఉచితం చేశాకే పీడీఎఫ్ నిలబడింది.

ఫాంటు ఫైలులోనే ఉండటం ఎంత మేలో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు మన డీటీపీ సెంటర్లలో ఎవరి ఫాంటు వాళ్లది. పక్క కంప్యూటరులో ఆ ఫాంటు లేకపోతే శుభలేఖ కాస్తా ఇంగ్లిషు అక్షరాల చిందరవందరగా కనబడేది. పీడీఎఫ్ చేసి పంపితే మాత్రం ఒత్తులూ గుణింతాలూ ఎక్కడివక్కడ ఉండేవి. కాకపోతే అందులోంచి వాక్యం కాపీ చేసుకుంటే మళ్లీ ఆ చిందరవందరే చేతికొచ్చేది. ఫైలులో అక్షరం ఆకారమే ఉంది, అది ఏ అక్షరమో చెప్పే సమాచారం లేదు. ఆ రోజుల్లో అలా తయారైన తెలుగు పీడీఎఫ్‌లలో నేటికీ మాట పెట్టి వెతకలేం. అది నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం.

ఇక బరువు మాట. 1996లో నింపుకునే ఫారాలొచ్చాయి. ఆ దశాబ్దం ముగిసేలోగా జావాస్క్రిప్ట్ వచ్చింది. ఇవి కాక వీడియోలు, త్రీడీ బొమ్మలు, ఫైలు కడుపులో ఇంకో ఫైలు, ఒక నొక్కుతో బయటి ప్రోగ్రామును లేపే ఆదేశం వచ్చి చేరాయి. పోస్ట్‌స్క్రిప్ట్ నుంచి పనిగట్టుకుని గెంటేసిన ప్రోగ్రాము దొడ్డిదారిన లోపలికొచ్చి కూర్చుంది. వీటన్నిటికీ సమాధానం చెప్పాలి కాబట్టి రీడరూ లావెక్కింది. అప్పటి అక్రోబాట్ రీడర్ తెరిచినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: ప్లగ్-ఇన్‌ల పేర్లు ఒక్కొక్కటే మారుతుంటే, రెండు పేజీల బిల్లు కోసం ఆ తెరనే చూస్తూ కూర్చునేవాళ్లం.

2009లో ఆ బరువు ప్రమాదంగా మారింది. స్కాన్ చేసిన నలుపు తెలుపు పేజీలను కుదించే జేబిగ్-2 అనే పద్ధతి ఉంది. దాన్ని విప్పే కోడులో లోపం ఉందని, దాడులు అప్పటికే జరుగుతున్నాయని ఫిబ్రవరిలో బయటపడింది. ప్యాచ్ రావడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. డిసెంబరులో మరొకటి, ఈసారి జావాస్క్రిప్ట్ దారిలో. దానికి ప్యాచ్ వచ్చింది మరుసటి జనవరిలో. అందాకా రీడరులో జావాస్క్రిప్ట్ ఆపేసుకోమనే చెప్పారు. మామూలు పీడీఎఫ్ అనుకుని అటాచ్‌మెంటు తెరిస్తే చాలు, కంప్యూటరు పరాయివాళ్ల చేతికి పోయేది. అప్పుడు అడోబీ సీఈఓ మన హైదరాబాదులో పుట్టి ఉస్మానియాలో ఇంజినీరింగు చదివిన శాంతను నారాయణ్. ఆయన హయాంలోనే 2010 నవంబరులో రీడర్ ఎక్స్ వచ్చింది. ఫైలును శాండ్‌బాక్స్ అనే గదిలో బంధించి తెరిచే ఏర్పాటు దానితోనే మొదలైంది. 2013 ఫిబ్రవరిలో ఆ గదినీ దాటుకొచ్చిన దాడి ఒకటి కనబడింది. అయినా అది సరైన అడుగే. దానివల్ల దాడి చేసేవాడి పని ఎంతో కష్టమైంది.

తేలిక రీడర్ల వంశం వేరే ఉంది. 1995లో డెరెక్ నూన్‌బర్గ్ యూనిక్స్ కోసం ఎక్స్‌పీడీఎఫ్ రాశారు. లినక్స్ వాళ్లు వాడే ఎవిన్స్, ఓక్యులర్ దాని సంతతి కోడు మీదే నడుస్తాయి. 2006లో క్షిస్టోఫ్ కోవాల్చిక్ విండోస్ కోసం సుమాత్ర పీడీఎఫ్ మొదలుపెట్టారు; తర్వాత అది మ్యూపీడీఎఫ్ అనే ఇంజిను మీదికి మారింది. సుమాత్ర జావాస్క్రిప్ట్ నడపదు, వీడియో ఆడించదు. లేని తలుపును దొంగ తెరవలేడు కదా. బ్రౌజర్ల దారి మరోటి. క్రోమ్ 2010లో తన శాండ్‌బాక్స్ లోపలే పీడీఎఫ్ చూపించింది. ఫైర్‌ఫాక్స్ 2013లో తెచ్చిన పీడీఎఫ్ జేఎస్‌కు మామూలు వెబ్ పేజీకున్న ఆంక్షలే ఉంటాయి. వెబ్ పేజీని ఎంత నమ్ముతామో పీడీఎఫ్‌నూ అంతే నమ్మాలనే ఈ ఆలోచన నాకెంతో నచ్చుతుంది.

అలాగని చిన్నదైతే చాలనుకోలేం. 2010లో డిడియెర్ స్టీవెన్స్ అనే భద్రతా పరిశోధకుడు పీడీఎఫ్‌లోంచి బయటి ప్రోగ్రామును లేపి చూపించారు. అడోబీ రీడర్ కనీసం హెచ్చరిక చూపింది; తేలికని పేరున్న ఫాక్సిట్ అదీ చూపలేదు. త్వరగానే సరిదిద్దుకున్నారనుకోండి. 2021లో పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ ఐఫోన్లలోకి దూరిన దారి ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. జిఫ్ బొమ్మ వేషంలో వచ్చిన పీడీఎఫ్ అది. లోపం మళ్లీ జేబిగ్-2లోనే. ఆపిల్ వాడిన ఆ కోడు ఎక్స్‌పీడీఎఫ్ నుంచి వచ్చినదే. ఫైలును నొక్కాల్సిన అవసరం కూడా లేకపోయింది. అందుకే రీడరు ఎంచుకునేటప్పుడు సైజుతో పాటు దాని చివరి అప్‌డేట్ తేదీని కూడా చూస్తాను. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని చిన్న రీడరు నాకొద్దు.

మన ఆఫీసుల్లో ఇంకో ఇబ్బంది ఉంది. కంపెనీల రిటర్నులు దాఖలు చేసే ఎంసీఏ-21 ఫారాలు చాలా ఏళ్లు స్క్రిప్టులు నిండిన పీడీఎఫ్‌లే. ఆడిటర్ల దగ్గర అడోబీ రీడర్ తప్పనిసరిగా ఉండాల్సి వచ్చేది. 2022 నుంచి అవి వెబ్ ఫారాల్లోకి మారుతూ వచ్చాయి. ఇక ఈ-ఆధార్ మీది డిజిటల్ సంతకం సరైనదో కాదో సుమాత్ర చెప్పలేదు; ఆ పనికి నేను వాడేది అడోబీ రీడరే.

కాబట్టి నా పని కంప్యూటరులో సుమాత్ర, అడోబీ రీడర్ రెండూ ఉన్నాయి. బయటినుంచి వచ్చే అటాచ్‌మెంట్లు బ్రౌజరులోనే తెరుస్తాను. గంటల తరబడి చదవాల్సిన లావుపాటి నివేదికలకు సుమాత్ర. దాన్ని దాని సొంత సైటు నుంచే దించుకున్నాను. ఇన్‌స్టాల్ చేయకుండా నేరుగా నడిచే రూపమూ ఉంది. ఇంటర్నెట్ వాడకాన్ని ఆపేయడానికి ఒక చిన్న సెట్టింగుల ఫైలు పక్కన పెడితే చాలు. అడోబీ రీడరులో జావాస్క్రిప్ట్ ఆపేసి, ప్రొటెక్టెడ్ మోడ్ అనే ఆ శాండ్‌బాక్స్‌ను ఆన్‌లోనే ఉంచాను. సంతకం చూడాల్సిన రోజున దాన్ని తెరుస్తాను, పచ్చటి టిక్కు కనబడగానే మూసేస్తాను.