బెత్తమును బెల్లమును

దసరా పండుగ వచ్చినదనగా పూర్వము మన వీధిబడుల పంతుళ్లు పిల్లల చేతికి విల్లంబులిచ్చి, వెంటబెట్టుకొని, ఇంటింటికిని పోయి పాటలు పాడించెడివారు. గృహస్థులు అయ్యవారికి కట్నమును, పిల్లలకు పప్పుబెల్లములను ఇచ్చెడివారు. ఆ బెల్లము ఏడాదికొకమారు దొరకునది. తక్కిన దినములలో బెత్తము, గోడకుర్చీ, కోదండము. చదువునకు ఆశయో భయమో తోడుండవలెనని నాటి పెద్దల నమ్మకము. ఆ నమ్మకము నేటికిని మన యిండ్లను విడువలేదు. బెత్తమున్న చోటికి తిట్టును, పప్పుబెల్లములున్న చోటికి సెల్‌ఫోనును వచ్చినవి, అంతియే భేదము. మనుష్యుని మెదడు దేనివలన నేర్చుకొనునో నూరేండ్లకు పైబడిన పరిశోధనము కొంత తెలిపియున్నది. ఆ చరిత్రను పాఠకుల ముందుంచి, ఈ నమ్మకమును మరల తూచి చూడదలచితిమి.

మొదట మన ప్రాంతపు అనుభవమునే చూతము. విశాఖపట్టణము మదరాసు రాజధానిలోనిదై యున్న కాలమున, 1860 తరువాతి దశకములలో, దొరతనమువారు ఫలితములనుబట్టి పాఠశాలలకు గ్రాంటునిచ్చు పద్ధతిని తెచ్చిరి. ఇంగ్లండులో 1862లో రాబర్ట్ లో ప్రవేశపెట్టిన విధానమునకిది తోబుట్టువు. పరీక్షాధికారి వచ్చి చదువును, వ్రాతను, లెక్కలను పరీక్షించును. తేరిన పిల్లల లెక్కనుబట్టి బడికి సొమ్ము ముట్టును. దీనివలన పంతుళ్లు సోమరులైరని ఎవ్వరును అనజాలరు. వారు ఎంతయో శ్రమించిరి. అయితే ఆ శ్రమ అధికారి అడుగబోవు ప్రశ్నలకే అంకితమయ్యెను. పాఠము అర్థముకాకున్నను కంఠస్థమైన చాలునన్న స్థితి యేర్పడెను. తుదకు 1904లో, కర్జను ప్రభువు కాలమున వెలువడిన విద్యావిధాన తీర్మానము ఈ పద్ధతిని నిరసించెను. బహుమానమును దేనికి ముడివేసితిమో మనుష్యుడు దానినే నేర్చునని ఈ కథవలన తెలియుచున్నది.

ఇట్లు మన బడులు గ్రాంటులకై పాటుపడుచున్న దినములలోనే అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అను పండితుడు ఆకలిగొన్న పిల్లులను కొయ్యపెట్టెలలో మూసి, అవి గడియ తీసికొని బయటి ఆహారమును చేరుటకు పట్టు కాలమును కొలిచెను. తృప్తి నిచ్చిన చేష్ట నాటుకొనుననియు, బాధ నిచ్చిన చేష్ట సడలిపోవుననియు ఆయన సిద్ధాంతము. 1898లో ఈ పరిశోధనమును ప్రకటించిన ఆ పండితుడే, 1930 ప్రాంతమున, బహుమానమునకున్నంత బలము దండనమునకు లేదని తన మాటను సవరించుకొనెను. బెత్తమును నమ్మువారు ఆయన మొదటిమాటను పట్టుకొని, రెండవమాటను మరతురు.

అయినను బహుమానము అందినప్పుడు మెదడులో జరుగునదేమన్న ప్రశ్న మిగిలియే యుండెను. 1972లో రెస్కోర్లా, వాగ్నర్ అను నిరువురు గణితరూపమున నొక సమాధానము చెప్పిరి: ప్రాణికి నేర్పునది తాను ఎదురుచూచినదానికిని, తనకు అందినదానికిని గల అంతరము. దీనికి మెదడులోనే సాక్ష్యము చూపినవాడు వుల్‌ఫ్రామ్ షుల్ట్జ్. మెదడు నడిమిభాగమున డోపమిను అను ద్రవ్యమును విడుచు కణములు కొన్ని కలవు. కోతి నోట తలవనితలంపుగా పండ్లరసపు బొట్టు పడినప్పుడు ఆ కణములు చురుకుగా స్పందించెను. బొట్టునకు ముందు ప్రతిసారియు దీపమువంటి గుర్తొకటి చూపుచు రాగా, కొంతకాలమునకు గుర్తు కనబడగానే స్పందించి, రసము వచ్చినప్పుడు మిన్నకుండెను. గుర్తు కనబడియు రసము రానిచో, అది రావలసిన క్షణముననే వాని స్పందనము మామూలుకంటెను తగ్గిపోయెను. షుల్ట్జ్, డాయన్, మాంటేగ్ అనువారు 1997లో ఈ రెండు ధారలను కలిపి, ఈ కణములు తెలుపునది ఆ అంతరమునే యని వివరించిరి. మనుష్యుల తలపై తీగలమర్చి చూచినవారికిని, జవాబు తప్పని తెలిసిన పావు సెకండు ప్రాంతముననే మెదడులో ఒక విద్యుత్తరంగము కానవచ్చినది.

కాగా, తప్పక దొరకునని తెలిసిన బెల్లము మెదడునకు వార్త కాదు. అనుకొననిది వచ్చుట వార్త. అనుకొన్నది రాకపోవుటయు వార్తయే.

మన విశాఖపట్టణమున పెరిగిన చంద్రశేఖర వేంకటరామన్ కథ ఇచ్చట స్మరణీయము. ఆయన తండ్రి 1892లో ఈ పట్టణపు ఎ.వి.ఎన్. కళాశాలకు ఉపాధ్యాయుడై వచ్చెను; కుమారుడు పదునొకండవ యేటనే మెట్రిక్యులేషను ఇచ్చట తేరెను. 1930లో నోబెల్ బహుమానము తనకు వచ్చునని ఆయన ఎంత రూఢిగా నమ్మెననగా, ప్రకటనకు నెలలముందే, జూలైలో, ఓడటిక్కెట్లు కొనెనని చరిత్రకారులు వ్రాసిరి. అట్టి బహుమానము ఆయనకు క్రొత్తగా నేర్పగలదేమి? ద్రవములగుండ కాంతిని పంపి ప్రశ్నించినప్పుడు వర్ణపటము ఇచ్చిన జవాబే ఆయనకు గురువు.

బెల్లము అధికమైనచో జరుగు హానియు కొలవబడినది. 1973లో లెపర్ మున్నగువారు, బొమ్మలు గీయుటయందు ప్రీతిగల చిన్నపిల్లలలో కొందరికి, గీసినచో బహుమానమిత్తుమని ముందే చెప్పి, అట్లే ఇచ్చిరి. కొన్నాళ్లకు వారు స్వేచ్ఛగా గీయుట తగ్గిపోయెను. ముందు చెప్పక, గీసిన పిమ్మట ఇచ్చినవారిలో ఆ తగ్గుదల కానరాలేదు.

ఇక మా తప్పును చెప్పుకొందుము. ఒక యేడు లెక్కల పరీక్షాపత్రములను మేము పదునైదు దినములకు దిద్ది, ఎఱ్ఱసిరాతో అంకెమాత్రము వేసి తిరిగి ఇచ్చితిమి. నూటికి ఇరువదియెనిమిది వచ్చిన బాలుడొకడు కాగితమును మడచి జేబులో పెట్టుకొనెను. "ఏ లెక్క తప్పినదిరా?" అంటిమి. "తెలియదండి. ఇరవై ఎనిమిదండి" అనెను. అంకె తెలిసినది, తప్పు తెలియలేదు. అదే వానికి మూడవ ఇరువదియెనిమిది; ముందే తెలిసిన ఆ అంకెలో వానికి వార్తయే లేదు. నాటినుండి లెక్క ముగియగానే పక్కన కూర్చుండి, ఏ మెట్టున దారి తప్పెనో చూపుట మొదలిడితిమి. వాడు మొదటివాడు కాలేదు గాని, తన తప్పును తానే పట్టుకొనసాగెను.

ఇది బడిగోడల లోపలి ముచ్చట మాత్రమే కాదు. 2019 ఏప్రిలులో తెలంగాణమున ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిమ్మట ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఆ ఫలితములలోనే లోపములు దొరలినట్లు తరువాత బయటపడెను. ఒక్కొక్క మరణమునకు కారణములు అనేకములుండును. వానిని మెదడు కణముల లెక్కతో వివరింపబోము. కాని బిడ్డ నేర్చుకొనుటకై ఉద్దేశింపబడిన సూచనను బిడ్డ విలువకు తీర్పుగా మార్చినవారము మనమే గదా!

ఫలితములనాడు పిల్లవాడు ఇంటికి రాగానే "ఎన్ని వచ్చినవి?" అని అడుగుట మనకు అలవాటు. ముందుగా అన్నము పెట్టుడు. పిదప కాగితమును తెప్పించి, "ఏ ప్రశ్న ఎక్కడ తప్పినది? చూతము రమ్ము" అని ప్రక్కన కూర్చుండుడు. బెత్తమును బెల్లమును గూట నుండనిండు.