నిషేధాల్లోంచి పుట్టిన మోత: ట్రినిడాడ్ కార్నివాల్

ఈస్టర్‌కు ముందు క్రైస్తవులు పాటించే నలభై రోజుల ఉపవాస కాలం భస్మ బుధవారంతో మొదలవుతుంది. దానికి ముందటి సోమ, మంగళవారాల్లో ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వీధుల్లో నేల ఈనినట్టు జనం ఉంటారు. ఎటు చూసినా వేషాలు, స్టీల్ డ్రమ్ముల మోత, చిందులు. చూసేవారికి ఇది వట్టి విలాసంగా తోచవచ్చు. కానీ ఈ పండుగ చరిత్ర పొడుగునా పెనుగులాటే. పాలకులు వాద్యాన్ని లాక్కుంటే జనం చేతికందిన దానితో మళ్లీ వాద్యం చేసుకున్నారు.

కార్నివాల్‌ను ఇక్కడికి తెచ్చింది ఫ్రెంచి తోటల యజమానులు. కాథలిక్కులు వచ్చి స్థిరపడితే భూములిస్తామని 1783లో స్పెయిన్ ప్రకటించగానే వాళ్లు చుట్టుపక్కల దీవుల నుంచి బానిసలతో సహా దిగారు. 1797లో దీవి బ్రిటిష్ వారి వశమైనా వాళ్ల ముసుగు విందులు, నాట్యాలు ఆగలేదు. అందులో బానిసలకు చోటు లేదు. యజమానులే ముఖాలకు మసి పూసుకుని తోట కూలీల వేషం కట్టి నవ్వుకునేవారు.

1834లో బానిసత్వం రద్దయింది. పూర్తి విముక్తి 1838లో దక్కింది. ఇక వీధి విముక్తులైన బానిసలదే. చెరకు తోట అంటుకుంటే అర్ధరాత్రి కొరడాలతో తోలుకెళ్లి ఆర్పించిన రోజులను మరచిపోకుండా, కాగడాలు పట్టి, డ్రమ్ములు వాయిస్తూ, కర్రసాము చేస్తూ ఊరేగారు. ఆ ఊరేగింపును కాంబులే అన్నారు. కన్నీళ్లతో గడిచిన రాత్రిని పండుగ చేసుకోవడానికి ఎంత గుండె కావాలి!

బ్రిటిష్ అధికారులకు అది అల్లరి మూకగానే కనిపించింది. 1880లో పోలీసు అధికారి కెప్టెన్ బేకర్ కాగడాలు, డ్రమ్ములు, కర్రలు లాక్కున్నాడు. మరుసటి ఏడు మళ్లీ అదే చేయబోతే జనం ఎదురుతిరిగారు. రాళ్లు, సీసాలు, కర్రలతో పోలీసులను నిలవరించారు. చివరికి గవర్నర్ ఫ్రీలింగ్ పోలీసులను బ్యారక్స్‌కే పరిమితం చేసి, స్వయంగా వచ్చి జనానికి నచ్చజెప్పాల్సి వచ్చింది. ఆ గెలుపు ఎంతోకాలం నిలవలేదు. 1884లో చట్టంతో కాంబులేను అణచివేశారు, డ్రమ్ములపై ఆంక్షలు పెట్టారు.

అదే 1884 మన వాళ్లకూ చీకటి ఏడాది. 1845 నుంచి కలకత్తా, మద్రాసు రేవుల మీదుగా ఒప్పంద కూలీలు ట్రినిడాడ్ చేరారు. మద్రాసు ఓడల్లో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. వీళ్లు మొహర్రంను హోసే పేరుతో, హిందువులూ ముస్లిములూ కలిసి జరుపుకునేవారు. మన పల్లెల్లో పీర్ల పండుగ ఎరిగినవారికి ఇది కొత్త కాదు. ఆ అక్టోబరు 30న శాన్ ఫెర్నాండో పట్టణంలోకి తాజియాలు (ఊరేగింపులో మోసే సమాధి నమూనాలు) తేకూడదన్న ఆజ్ఞను కాదని ముందుకు నడిచిన వారిపై కాల్పులు జరిగాయి. కనీసం 16 మంది చనిపోయారు. కార్నివాల్ చరిత్ర చెప్పేవారు ఈ మరణాలను పక్కన పెట్టకూడదు. రెండు ఊరేగింపులనూ భయంతో చూసిన ప్రభుత్వం ఒక్కటే.

ఇక కార్నివాల్‌లో, తోలు వాద్యం పోతే వెదురు వచ్చింది. రకరకాల పొడవుల బొంగులను నేలకేసి దంచుతూ, ఒకదానితో ఒకటి కొడుతూ తంబూ బాంబూ బృందాలు నడిచాయి. 1930ల్లో బిస్కెట్ డబ్బాలు, చెత్త బుట్టల మూతలు, బండ్ల బ్రేక్ డ్రమ్ములు తోడయ్యాయి. యుద్ధకాలంలో, 1942 నుంచి 1945 దాకా, వీధి కార్నివాల్‌ను ఆపేసినా పేటల్లో కుర్రాళ్లు రేకును సుత్తితో కొట్టి స్వరాలు రాబట్టడం మానలేదు. విన్‌స్టన్ సైమన్, ఎలీ మానెట్ వంటివారి చేతుల్లో చమురు పీపా స్వరవాద్యమైంది. 1951లో టాస్పో అనే స్టీల్ డ్రమ్ముల బృందం లండన్ వెళ్లి ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్‌లో వాయించింది. ఏ సామ్రాజ్యం డ్రమ్ములను అణచిందో, దాని రాజధానిలోనే!

స్వాతంత్ర్యం 1962లో వచ్చింది. మరుసటి ఏడు స్టీల్ బృందాల పోటీ పనోరమా మొదలైంది. 1970ల్లో గాయకుడు లార్డ్ షార్టీ, కార్నివాల్ పాట అయిన కలిప్సోలో డోలక్, దంతాల్ అనే భారతీయ వాద్యాల లయలు కలిపి సోకా సంగీతానికి బాట వేశాడు. భారతీయుల ఇరుగుపొరుగున పెరిగినవాడు కనుక ఆ లయలు అతనికి పరాయివి కావు. 1980ల చివర్లో ద్రుపతీ రామ్‌గునాయ్ అనే భారత సంతతి గాయని కార్నివాల్ వేదిక మీద టాసా డ్రమ్ముల హోరుతో పాడింది. ఆడపిల్ల అక్కడ పాడటమేమిటని సొంత సమాజంలోని కొందరు పెద్దలు తప్పుపట్టారు. ఆమె మాత్రం పాడటం ఆపలేదు. ఆ టాసా డ్రమ్ములు హోసే ఊరేగింపుల్లో మోగేవే.