దోమకు ఒక అణా



రోనాల్డ్ రాస్ పేరు మనలో చాలామంది బడిలోనే విన్నాం. తమిళంలో చదువుకున్న మాకు ఆయన ఒక్క వరుసలో వచ్చిపోయాడు. మలేరియా దోమ వల్ల వస్తుందని కనిపెట్టి 1902లో నోబెల్ బహుమతి అందుకున్నాడు, అంతే. పరీక్షకు అది చాలు. ఆ వెతుకులాట బెంగళూరు, ఊటీ, సికింద్రాబాదు మీదుగా, అంటే మనవాళ్లు తరతరాలుగా కాపురం ఉంటున్న ఊళ్ల మీదుగా నడిచిందని మాకు ఎవరూ చెప్పలేదు.

రాస్ 1857లో అల్మోరాలో పుట్టాడు. 1881లో ప్రభుత్వ వైద్యశాఖలో మద్రాసు వైపు ఉద్యోగంలో చేరాడు. 1883లో బెంగళూరులో ఆయన బంగళాలో దోమల బాధ ఎక్కువగా ఉండేది. చూస్తే కిటికీ బయట నీళ్ల తొట్టి నిండా దోమపిల్లలు. తొట్టి ఒంపించాడు, దోమలు తగ్గాయి. మిగతా తొట్లు కూడా ఒంపిద్దామంటే పై అధికారి ఒప్పుకోలేదు. దోమలను దేవుడు ఏదో పనికోసమే పుట్టించాడు, మనం ఓర్చుకోవాలి అన్నాడట! ఇప్పటికీ మేడమీద డ్రమ్ము మూత గురించి మాట్లాడితే ఇలాగే జవాబిచ్చే ఇళ్లు మనకు తెలుసు.

1888లో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు బాక్టీరియా శాస్త్రం నేర్చుకున్నాడు. 1894లో మళ్లీ వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద డాక్టరు మలేరియా రోగి నెత్తురులోని పరాన్నజీవిని మైక్రోస్కోపులో చూపించి, ఇది దోమలోకి పోతుందేమో చూడమన్నాడు.

1895లో సికింద్రాబాదులో పని మొదలైంది. మొదటి రోగి పేరు అబ్దుల్ ఖాదర్. అతణ్ణి కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా ఇచ్చేవాడు రాస్. రోగిని కుట్టిన దోమ నీళ్లలో చచ్చిపోతే, ఆ నీళ్లు తాగినవాడికి జ్వరం వస్తుందని మాన్సన్ ఊహ. దాన్ని పరీక్షించడానికి లచ్మన్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు ఆ నీళ్లు తాగాడు. పదకొండో రోజున తలనొప్పి, జ్వరం వచ్చాయి. కొన్ని రోజుల్లో తగ్గింది. తరువాత ఇంకొందరు తాగితే ఫలితం నిలవలేదు. ఊహే తప్పు. మలేరియా వచ్చేది కాటు వల్ల, తాగిన నీళ్ల వల్ల కాదు.

ఇంతలో బెంగళూరుకు ఆర్డర్ వచ్చింది. అక్కడ కలరా. ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ అంటే ఏమిటో రైల్వేలో పనిచేసిన మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చేతిలో పని సగంలో ఉన్నా సరే, మూట కట్టాలి. బెంగళూరు కంటోన్మెంటులో బావులు, కాలువలు, మరుగుదొడ్లు చూసుకుంటూ తిరిగి 1896లో కలరా మీద, ఊరి శుభ్రత మీద రిపోర్టు రాశాడు. నోబెల్ కథ చెప్పేవాళ్లు ఈ కాలాన్ని దాటేస్తారు. మాకు మాత్రం ఇది వృథాగా పోయిన కాలంగా కనబడదు. ఎంతమంది ప్రాణాలు నిలిచేదీ ఆ బావి నీళ్ల మీదే కదా.

1897లో సెలవు మీద ఊటీ వెళ్లాడు. దిగువన సీగూరు ఘాటులో తిరిగితే ఆయనకే మలేరియా పట్టుకుంది. రెక్కల మీద మచ్చలుండి, గోడ మీద తోక పైకెత్తి కూర్చునే కొత్తరకం దోమను ఆ ప్రయాణంలోనే గమనించాడు. అంతవరకు ఆయన కోసి చూసినవన్నీ వేరే జాతి దోమలు. వాటిలో ఎన్నేళ్లు వెతికినా ఏమీ దొరకదు. మనిషి మలేరియాను మోసేది అనాఫిలిస్ ఒక్కటే.

జూన్‌లో మళ్లీ సికింద్రాబాదు. ఆగస్టు 16న మచ్చల రెక్కల దోమలు పది హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టాయి. అతనికి పది అణాలు ముట్టాయి. ఒక్కొక్క దోమనే కోసి చూస్తూ వచ్చాడు. ఎండాకాలంలా ఉక్క. పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయని వేసుకోలేదు. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి. ఆగస్టు 20న, ఇక కొన్నే మిగిలినప్పుడు, ఒక దోమ కడుపు గోడలో నల్లని చుక్కలున్న గుండ్రని కణాలు కనిపించాయి. మరుసటి రోజు ఇంకో దోమలో అవే కణాలు పెరిగి కనిపించాయి. అంటే పరాన్నజీవి దోమలో బతికి పెరుగుతోంది!

ఇంకో నెలైనా అక్కడే ఉంటే పని పూర్తయ్యేదేమో. సెప్టెంబరులోనే మళ్లీ ట్రాన్స్‌ఫర్, ఈసారి రాజపుటానాలోని ఖేర్వారాకు. అక్కడ మలేరియా రోగులు దాదాపు లేరు. మిగిలిన పని 1898లో కలకత్తాలో పక్షుల మలేరియా మీద చేశాడు. అక్కడ మహమ్మద్ బక్ష్ అనే మనిషి దోమలు పట్టడంలో, పెంచడంలో తోడు నిలిచాడు. మనిషి మలేరియాలో మొత్తం చక్రాన్ని చూపించింది ఇటలీలో గ్రాసీ బృందం. ఆ ఘనత ఎవరిదని ఇద్దరూ చాలాకాలం పోట్లాడుకున్నారు. అది వేరే కథ, ఇంకోసారి రాస్తాం.

ఆగస్టు 20 దోమల దినం. ఆ రోజు మన సంఘం హాలులో రాస్ పటం పెడితే, దాని కింద తెలుగులో నాలుగు పేర్లు కూడా రాయించమని కార్యదర్శిగారిని కోరుతున్నాం. అబ్దుల్ ఖాదర్, లచ్మన్, హుసేన్ ఖాన్, మహమ్మద్ బక్ష్. బోర్డు ఖర్చు మేమే పెట్టుకుంటాం.